ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఫైలు రాయడం: లెక్క ఒకచోట, రాత ఒకచోట

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడిచేటప్పుడు అడ్తి (కమీషన్) దుకాణంలో సాయంత్రానికి మూడు రకాల రాత పని ఉంటుంది. లాట్ లాట్‌కూ రైతు చేతికిచ్చే తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ఒకటి. దుకాణంలో ఉండిపోయే రోజు చిట్టా ఇంకొకటి. కాంటా బరువుకూ బస్తాల లెక్కకూ పొంతన కుదరకపోతే గుమాస్తాకు వెంటనే కనబడాల్సిన హెచ్చరిక మూడోది. ప్రోగ్రామ్ రాసేవాళ్ల దృష్టిలో మొదటి రెండూ ఫైళ్లు, మూడోది ఎర్రర్ స్ట్రీమ్, అంటే హెచ్చరికలు విడిగా వెళ్లే దారి. ఈ పనినే ఉదాహరణగా తీసుకుని, ఫంక్షనల్ పద్ధతిలో డేటాను బయటికి ఎలా రాయాలో మొదటి నుంచి చూద్దాం.

భాష హాస్కెల్. విలువను తయారు చేయడాన్నీ దాన్ని బయటికి పంపడాన్నీ ఇది టైపుల దగ్గరే విడదీస్తుంది కాబట్టి, ఇక్కడ అర్థమైతే ఓకామెల్, ఎలిక్సిర్, క్లోజర్‌లలో దారి వెతుక్కోవడం తేలిక. జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్‌తో జీహెచ్‌సీ కంపైలర్ పెట్టుకుంటే చాలు, మనకు కావలసిన టెక్స్ట్, బైట్‌స్ట్రింగ్, డైరెక్టరీ లైబ్రరీలు కంపైలర్‌తోపాటే వస్తాయి. ఫంక్షన్ పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగే టైప్ చేయాలి. పేర్లలో ఎస్‌టీఆర్ అంటే స్ట్రింగ్, చివర ఎల్‌ఎన్ ఉంటే లైన్, ముందు చిన్న హెచ్ ఉంటే హ్యాండిల్ అని గుర్తు.

మొదటి అడుగు: రాయాల్సింది ముందు విలువగా తయారవ్వాలి

ఫైలు సంగతి కాసేపు పక్కన పెట్టండి. లాట్ అనే రికార్డ్ టైపు ఒకటి రాసుకోండి. అందులో లాట్ నంబరు, రైతు పేరు, మిర్చి రకం, బస్తాలు, కిలోలు, క్వింటా ధర ఉంటాయి. బరువును క్వింటాళ్లలో దశాంశంగా పెట్టకుండా కిలోల్లో పూర్ణసంఖ్యగా పెట్టండి. దీనివల్ల ఒక సౌకర్యం ఉంది. క్వింటా అంటే 100 కిలోలు, రూపాయంటే 100 పైసలు. కాబట్టి కిలోలను క్వింటా ధరతో గుణిస్తే వచ్చేది నేరుగా పైసల్లో మొత్తం. 1620 కిలోల తేజ రకం, క్వింటా 14,000 అనుకుందాం (అంకెలు ఉదాహరణకే). గుణిస్తే 2,26,80,000 పైసలు, అంటే 2,26,800 రూపాయలు. భాగహారం చివర్లో, ముద్రించేటప్పుడు మాత్రమే.

డబ్బుకు డబుల్ (దశాంశ సంఖ్యల) టైపు వాడితే రౌండింగ్ తేడాలు వస్తాయని అందరూ చెబుతారు. హాస్కెల్‌లో ఇంకో తమాషా కూడా ఉంది. డబుల్ విలువ కోటిలోపు ఉంటే, విలువను అక్షరాలుగా మార్చే షో ఫంక్షన్ మామూలు అంకెల్లోనే చూపిస్తుంది. సరిగ్గా కోటికి చేరగానే ఘాతాంక రూపంలోకి మారిపోతుంది. కోటీ పాతిక లక్షల చిట్టా మొత్తం 1.25ఈ7 అని అచ్చయితే దుకాణదారుకు టెన్షనే.

ఇప్పుడు లాట్‌ను తీసుకుని ఒక వరుస టెక్స్ట్ ఇచ్చే ఫంక్షన్ రాయండి. దాని టైపులో ఎక్కడా ఐవో (ఇన్‌పుట్, అవుట్‌పుట్ పనిని సూచించే టైపు) ఉండకూడదు, లాట్ ఇస్తే టెక్స్ట్ రావాలి, అంతే. చిట్టాను సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టే టెక్స్ట్ ఫైలుగా, రాస్తున్నాం కాబట్టి వరుస ఇలా ఉంటుంది (రైతు పేరు గడి ఇక్కడ వదిలేశాను):

101,తేజ,40,1620,14000,"2,26,800"
102,చపాట,25,1000,20000,"2,00,000"

చివరి గడిలో కొటేషన్ గుర్తులు ఎందుకంటే, మన లెక్క పద్ధతిలో లక్షల దగ్గర కామా పడుతుంది. గుర్తులు లేకపోతే ఒక మొత్తం మూడు గడులుగా చీలిపోతుంది. సీఎస్‌వీకి 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 నియమం సులువు: గడిలో కామా, కొటేషన్ గుర్తు, కొత్త లైను వీటిలో ఏది ఉన్నా మొత్తం గడిని డబుల్ కోట్‌లలో పెట్టాలి, లోపల డబుల్ కోట్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. ఈ పని చేసే చిన్న ఫంక్షన్‌ను విడిగా రాసి, అన్ని గడులకూ అదే వాడండి. రైతు పేరులో కామా రాదులే అనుకోవద్దు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ కామాలతో ఒకే గడిలో కొట్టేవాళ్లు ఉంటారు.

వరుసల జాబితాను టెక్స్ట్ లైబ్రరీలోని అన్‌లైన్స్‌తో కలిపితే చిట్టా మొత్తం ఒక్క విలువగా చేతికొస్తుంది. ఇంతవరకు డిస్క్ మీద ఏమీ జరగలేదు. జీహెచ్‌సీఐలో (కోడ్‌ను అక్కడికక్కడే నడిపి చూసే చోటు) నాలుగు లాట్లు ఇచ్చి ఫలితం చూసుకోవచ్చు, టెస్టులు రాసుకోవచ్చు, తాత్కాలిక ఫైళ్ల గొడవే లేదు. నా అభిప్రాయంలో ఫైలు రాసే ప్రోగ్రామ్‌లో ముప్పావు వంతు ఇక్కడే అయిపోవాలి. కాకపోతే తర్వాతి అడుగుల్లో ఎంత జాగ్రత్త పడ్డా లాభం తక్కువ.

రెండో అడుగు: ఐవో విలువ అంటే ఏమిటో తేల్చుకోండి

రైట్‌ఫైల్ ఫంక్షన్ ఫైలు పాత్‌ను, టెక్స్ట్‌ను తీసుకుని ఐవో యూనిట్ (పని తప్ప వేరే ఫలితం ఇవ్వని ఐవో) ఇస్తుంది. ఇది కూడా ఒక విలువే. రైట్‌ఫైల్‌కు పాత్, టెక్స్ట్ ఇచ్చి దానికొక పేరు పెట్టినంత మాత్రాన ఫైలు పుట్టదు. తక్‌పట్టీ చేతికి రావడం వేరు, దాని మీద ఉన్న డబ్బు చేతిలో పడటం వేరు. ప్రోగ్రామ్ మొదలయ్యే చోటైన మెయిన్‌తో ముడిపడిన ఐవో విలువను మాత్రమే రన్‌టైమ్ నిజంగా నడుపుతుంది.

కొత్తవాళ్లకు ఇది ఎక్కువగా మ్యాప్ దగ్గర ఎదురవుతుంది. వరుసల జాబితా మీద మ్యాప్‌తో పుట్‌ఎస్‌టీఆర్‌ఎల్‌ఎన్ వేస్తే వచ్చేది పనుల జాబితా, జరిగిన పనులు కాదు. డూ బ్లాక్‌లో దాన్ని నేరుగా ఒక లైనుగా పెడితే కంపైలర్ టైపు తప్పు చూపిస్తుంది, అంతవరకు మంచిదే. దాని చుట్టూ రిటర్న్ లేదా ప్యూర్ తగిలిస్తే మాత్రం కంపైల్ అవుతుంది, నడుస్తుంది, తెర మీద ఒక్క అక్షరం రాదు. ఇక్కడ కావలసింది మ్యాప్‌ఎం అండర్‌స్కోర్ గానీ ట్రావర్స్ అండర్‌స్కోర్ గానీ. ఇవి జాబితాలోని పనులను వరుసగా కలిపి ఒకే పనిగా చేస్తాయి. చివరి అండర్‌స్కోర్ అంటే, ఒక్కో పని ఇచ్చే ఫలితాన్ని దాచుకోనవసరం లేదని.

హాస్కెల్ మొదటి నుంచీ ఇలా లేదు. 1990లో వచ్చిన 1.0 వెర్షన్‌లో ప్రోగ్రామ్ అభ్యర్థనల జాబితా ఇస్తే, సిస్టమ్ జవాబుల జాబితా ఇచ్చేది. రెండు లేజీ (అవసరమైనప్పుడే లెక్కించే) జాబితాలను ఒకదానితో ఒకటి పొంతన కుదిర్చి నడపాలి. ఏ జవాబు ఏ అభ్యర్థనదో ప్రోగ్రామరే చూసుకోవాలి. 1996 నాటి 1.3 వెర్షన్‌తో మోనాడ్ (పనులను వరుసగా కలిపే నిర్మాణం) ఆధారిత ఐవో ప్రమాణంగా వచ్చింది, ఇప్పుడు మనం వాడేది అదే. ఆ పాత పద్ధతిలో ఒక్క ఫైలు రాసి చూస్తే, మోనాడ్ మీద ఫిర్యాదు చేసేవాళ్లు సగం మంది మాట మార్చుకుంటారు.

మూడో అడుగు: రైట్‌ఫైల్, అపెండ్‌ఫైల్

చిన్న ఫైలుకు ఈ రెండూ సరిపోతాయి. ప్రెల్యూడ్‌లో (దానంతట అదే అందుబాటులో ఉండే మాడ్యూల్) ఉన్నవి స్ట్రింగ్‌కు, డేటా డాట్ టెక్స్ట్ డాట్ ఐవో మాడ్యూల్‌లో ఉన్నవి టెక్స్ట్‌కు. రెండోవే వాడండి. రైట్‌ఫైల్ పాత ఫైలు ఉంటే తుడిచేసి రాస్తుంది, అపెండ్‌ఫైల్ చివర కలుపుతుంది. లాట్‌కోసారి అపెండ్‌ఫైల్ పిలిస్తే ప్రతిసారీ ఫైలు తెరిచి మూసే పని అదనం. వందల లాట్లు ఒకేసారి రాసేటప్పుడు అన్నీ కలిపి ఒక్కసారే రాయడం మేలు.

ఇక్కడే ఒక లోతైన చిక్కు ఉంది. రైట్‌ఫైల్ ముందు ఫైలును రాత మోడ్‌లో తెరుస్తుంది, తెరిచిన క్షణంలోనే పాతది ఖాళీ అవుతుంది. ఆ తర్వాతే మీరిచ్చిన టెక్స్ట్‌ను లెక్కిస్తుంది, ఎందుకంటే హాస్కెల్ లేజీ. సగటు ధర లెక్కలో సున్నాతో భాగహారం దొర్లిందనుకోండి, ఎర్రర్ వచ్చేసరికి నిన్నటి చిట్టా పోయింది, ఇవాళ్టిది రాలేదు. మందు చిన్నదే. కంట్రోల్ డాట్ ఎక్సెప్షన్‌లోని ఇవాల్యుయేట్‌తో టెక్స్ట్‌ను ముందే లెక్కించి, ఆ తర్వాత రైట్‌ఫైల్‌కు ఇవ్వండి. మామూలు టెక్స్ట్ టైపు స్ట్రిక్ట్ (లేజీకి వ్యతిరేకం) కాబట్టి ఒక్క ఇవాల్యుయేట్‌తో మొత్తం లెక్క పూర్తవుతుంది. స్ట్రింగ్ అయితే మొదటి అక్షరం దాకా మాత్రమే లెక్కిస్తుంది, అప్పుడు డీప్‌సీక్ లైబ్రరీలోని ఫోర్స్ కూడా కావాలి.

నాలుగో అడుగు: హ్యాండిల్ తెరవడం, తప్పకుండా మూసేయడం

ఒకే ఫైలులో శీర్షిక, వరుసలు, చివర మొత్తం అని విడివిడిగా రాయాలంటే హ్యాండిల్, అంటే తెరిచిన ఫైలును పట్టుకునే పిడి, కావాలి. ఓపెన్‌ఫైల్‌తో తెరిచి హెచ్‌క్లోజ్‌తో మూయొచ్చు గానీ, మధ్యలో ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) వస్తే మూసే లైను దాకా ప్రోగ్రామ్ రాదు. అందుకే విత్‌ఫైల్ వాడండి. దానికి పాత్, మోడ్, హ్యాండిల్‌తో ఏం చేయాలో చెప్పే ఫంక్షన్ ఇవ్వాలి. లోపల ఏం జరిగినా బయటికొచ్చేటప్పుడు ఫైలు మూసుకుంటుంది. మోడ్‌లు నాలుగు: రీడ్‌మోడ్, రైట్‌మోడ్, అపెండ్‌మోడ్, రీడ్‌రైట్‌మోడ్.

మూసేయడం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ప్రోగ్రామ్ మామూలుగా ముగిసినప్పుడు జీహెచ్‌సీ స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను (మామూలుగా తెరకు వెళ్లే రాత దారి), ఎర్రర్ స్ట్రీమ్‌ను మాత్రమే కచ్చితంగా ఖాళీ చేస్తుంది. మీరు తెరిచి వదిలేసిన ఫైలు బఫర్‌లో (రాతను తాత్కాలికంగా పోగేసే మెమరీ) మిగిలిన చివరి వరుసలు డిస్క్‌కు చేరతాయన్న భరోసా లేదు. చిట్టాలో చివరి లాట్లు, అడుగున మొత్తం మాయమైతే ముందుగా చూడాల్సింది ఇదే.

నిన్నటి చిట్టా చదివి, ఇవాళ్టి లాట్లు కలిపి, అదే పేరుతో తిరిగి రాసేవాళ్లకు ఇంకో మాట. ప్రెల్యూడ్‌లోని రీడ్‌ఫైల్ లేజీగా చదువుతుంది, చివరి దాకా చదివేవరకు ఫైలు తెరిచే ఉంటుంది. అప్పుడే రైట్‌ఫైల్ పిలిస్తే ‘రిసోర్స్ బిజీ, ఫైల్ ఈజ్ లాక్డ్’ అని ఆగిపోతుంది. టెక్స్ట్ మాడ్యూల్‌లోని రీడ్‌ఫైల్ మొత్తం ఒకేసారి చదివి మూసేస్తుంది కాబట్టి ఈ బాధ లేదు.

ఐదో అడుగు: ఏది ఎక్కడికి, ఎప్పుడు చేరుతుంది

చిట్టాను రాసే ఫంక్షన్ ఫైలు పేరు కాకుండా హ్యాండిల్ తీసుకునేలా రాయండి. అప్పుడు దానికే స్టాండర్డ్ అవుట్‌పుట్ ఇస్తే తెర మీద చూపిస్తుంది, ఫైలు హ్యాండిల్ ఇస్తే ఫైలులో రాస్తుంది. హెచ్చరికలను హెచ్‌పుట్‌ఎస్‌టీఆర్‌ఎల్‌ఎన్‌తో ఎర్రర్ స్ట్రీమ్‌కు పంపండి. ఎవరైనా మీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించినా ‘లాట్ 102: బరువు సరిచూడండి’ అన్న మాట తెర మీదే కనబడుతుంది, చిట్టాలో కలవదు.

బఫరింగ్ మూడు రకాలు: అసలు లేకపోవడం, లైను వారీగా, బ్లాక్ వారీగా. స్టాండర్డ్ అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్తుంటే లైను వారీగా, ఫైలుకో పైపుకో వెళ్తుంటే బ్లాక్ వారీగా ఉంటుంది. ఎర్రర్ స్ట్రీమ్‌కు బఫర్ లేదు. మీ దగ్గర సక్రమంగా నడిచిన ప్రోగ్రామ్ సర్వర్‌లో లాగ్ ఫైలుకు మళ్లించగానే మూగబోయినట్టు ఉండటానికి కారణం ఇదే, రాత బ్లాక్ నిండేదాకా లోపలే ఉంటుంది. హెచ్‌సెట్‌బఫరింగ్‌తో లైను వారీగా మార్చండి, లేదా ముఖ్యమైన చోట హెచ్‌ఫ్లష్ పిలవండి. ‘లాట్ నంబరు:’ అని అడిగి అదే లైనులో జవాబు తీసుకునేటప్పుడు కూడా హెచ్‌ఫ్లష్ కావాలి. లైను పూర్తి కాలేదు కాబట్టి అది లేకుండా ప్రశ్న కనబడదు, ప్రోగ్రామ్ మాత్రం జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఆరో అడుగు: తెలుగు అక్షరాలు చెడకుండా

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఇంగ్లీషు ట్యుటోరియల్స్ దాటేసేదీ ఇదే. ‘వరంగల్’ అన్న మాట కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో ఆరు కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకు కేటాయించిన సంఖ్యలు): వ, ర, సున్నా, గ, ల, పొల్లు. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి మూడు బైట్లు, కాబట్టి ఫైలులో 18 బైట్లు. హాస్కెల్‌లో లెంగ్త్ అడిగితే 6 అంటుంది, ఓకామెల్ 18 అంటుంది, ఎలిక్సిర్ 4 అంటుంది. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, అడిగిన ప్రశ్నలే వేరు. ఈ కారణంగానే ఖాళీలు పెట్టి తెలుగు కాలమ్‌లను నిలువుగా సరిచేయాలని చూడకండి. టెక్స్ట్ లైబ్రరీలోని జస్టిఫైలెఫ్ట్ లెక్కపెట్టేది కోడ్‌పాయింట్లను, కంటికి కనబడే వెడల్పును కాదు.

హ్యాండిల్ తెరవగానే హెచ్‌సెట్‌ఎన్‌కోడింగ్‌తో యూటీఎఫ్-8 అని చెప్పండి. చెప్పకపోతే సిస్టమ్ లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) ఏదుంటే అది వాడుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది. లొకేల్ సీ అని ఉన్న సర్వర్‌లోనో కంటైనర్‌లోనో ‘కెనాట్ ఎన్‌కోడ్ క్యారెక్టర్ 3125’ తరహా ఎర్రర్‌తో ఆగిపోతుంది. 3125 అంటే ‘వ’ కోడ్‌పాయింట్ దశాంశంలో. స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు కూడా మెయిన్ మొదట్లోనే ఈ సెట్టింగ్ పెట్టేయండి. టెక్స్ట్‌ను చూపించడానికి ప్రింట్ వాడొద్దు. ప్రింట్ లోపల షో ఉంటుంది, అది తెలుగును బ్యాక్‌స్లాష్ అంకెలుగా మార్చేస్తుంది, ‘వరంగల్’ బదులు 3125, 3120, 3074 అంటూ వరుస అంకెలు కనబడతాయి. పుట్‌ఎస్‌టీఆర్‌ఎల్‌ఎన్ వాడితే అక్షరాలే వస్తాయి.

బైట్‌స్ట్రింగ్ చార్8 మాడ్యూల్‌లోని ప్యాక్‌కు తెలుగు ఇవ్వకండి. అది ప్రతి కోడ్‌పాయింట్‌లో కింది ఎనిమిది బిట్లే ఉంచి మిగతావి కోసేస్తుంది, ఎర్రర్ కూడా చెప్పదు. ‘వ’ కాస్తా 5 అంకె అవుతుంది, ‘ర’ 0 అవుతుంది, ‘ల’ 2 అవుతుంది. ఊరి పేరు ఉండాల్సిన గడి 50తో మొదలవడం చూసి ఇది బస్తాల లెక్క అనుకునే ప్రమాదం ఉంది. టెక్స్ట్ నుంచి బైట్లకు వెళ్లాలంటే ఎన్‌కోడ్‌యూటీఎఫ్8 ఫంక్షనే సరైన దారి.

ఎక్సెల్‌లో తెరిచే సీఎస్‌వీకి ఇంకో చిన్న సంగతి. ఫైలు మొదట్లో బీఓఎం గుర్తు (ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పే మూడు బైట్లు) లేకపోతే డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు తెలుగు చెత్తగా కనబడుతుంది. ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్8 అండర్‌స్కోర్ బీఓఎం ఇస్తే ఆ గుర్తు దానంతట అదే పడుతుంది. అపెండ్ మోడ్‌లో మాత్రం దీన్ని వాడొద్దు, మధ్యలో మళ్లీ పడుతుంది.

ఏడో అడుగు: రాస్తుండగా కరెంటు పోతే

రాత సగంలో యంత్రం ఆగిపోతే సగం చిట్టా మిగలకూడదు. పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా ఉండాలి. అదే ఫోల్డర్‌లో ఓపెన్‌టెంప్‌ఫైల్‌తో తాత్కాలిక ఫైలు తెరిచి, మొత్తం రాసి, మూసి, ఆపైన డైరెక్టరీ లైబ్రరీలోని రీనేమ్‌ఫైల్‌తో అసలు పేరుకు మార్చండి. లినక్స్‌లో ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల పేరు మార్పు విడదీయరాని ఒకే చర్యగా జరుగుతుంది, చదివేవాళ్లకు సగం ఫైలు ఎప్పుడూ కనబడదు. తాత్కాలిక ఫైలును వేరే డ్రైవ్‌లో పెడితే ఈ హామీ ఉండదు, అందుకే అదే ఫోల్డర్ అన్నాను. విండోస్‌లోనూ పాత ఫైలు స్థానంలో కొత్తది వస్తుంది గానీ ఒకే చర్యగా జరుగుతుందని అనుకోవద్దు.

ఓపెన్‌టెంప్‌ఫైల్ సృష్టించిన ఫైలును లినక్స్‌లో యజమాని తప్ప ఇతరులు చదవలేరు. పేరు మార్చాక కూడా ఆ అనుమతులే ఉంటాయి. చిట్టాను వేరే లాగిన్ నుంచి చదివే గుమాస్తా ఉంటే, ఇదే ఫంక్షన్‌కు విత్‌డిఫాల్ట్‌పర్మిషన్స్ అన్న తోక ఉన్న రూపం వాడండి.

హెచ్‌ఫ్లష్ గానీ హెచ్‌క్లోజ్ గానీ డేటాను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తాయి. డిస్క్ మీద పడిందో లేదో వాటికి పట్టదు. డబ్బు లెక్కలకు ఆ భరోసా కూడా కావాలనుకుంటే యూనిక్స్ ప్యాకేజీలోని ఫైల్‌సింక్రనైజ్‌ను పేరు మార్చడానికి ముందు పిలవాలి. వేగం తగ్గుతుంది, కాబట్టి లాట్‌కోసారి కాదు, చిట్టాకోసారి.

ఎనిమిదో అడుగు: సీజన్ మొత్తం రాయాలంటే

లక్షల వరుసలను ఒకే టెక్స్ట్‌గా కలపడం మెమరీకి భారం. లాట్లు లేజీ జాబితాగా వస్తుంటే ట్రావర్స్ అండర్‌స్కోర్‌తో ఒక్కో వరుసను హ్యాండిల్‌కు రాస్తూ పోతే తక్కువ మెమరీలోనే పని జరుగుతుంది. ఒకటే షరతు, అదే జాబితాను తర్వాత ఇంకోసారి వాడకూడదు. రాసిన తర్వాత మొత్తం కోసం సమ్ పిలిస్తే జాబితా అంతా మెమరీలో నిలిచిపోతుంది. రాస్తూనే మొత్తాన్ని కూడా మోసుకెళ్లేలా ఫోల్డ్‌ఎం వాడండి, కూడికను ప్రతి అడుగులో బ్యాంగ్ గుర్తుతో అప్పటికప్పుడే లెక్కించండి. వేగం ముఖ్యమైతే బైట్‌స్ట్రింగ్ బిల్డర్‌తో ముక్కలను కూర్చి హెచ్‌పుట్‌బిల్డర్‌కు ఇవ్వొచ్చు. చాలా ఫైళ్లు, నెట్‌వర్క్ కలిసిన పనులకు కాండ్యుయిట్, స్ట్రీమ్‌లీ లైబ్రరీలు ఉన్నాయి. ఒక అడ్తి దుకాణం చిట్టాకు అంత హంగామా అక్కర్లేదు.

ఇతర భాషల్లో ఇదే పని

ఓకామెల్ లేజీ కాదు కాబట్టి మూడో అడుగులోని చిక్కు చాలావరకు ఉండదు. 4.14 వెర్షన్ నుంచి అవుట్ ఛానెల్ మాడ్యూల్‌లో విత్ ఓపెన్ టెక్స్ట్ ఉంది, మన విత్‌ఫైల్ పనే చేస్తుంది. ఎలిక్సిర్‌లో ఫైల్ డాట్ రైట్ ఓకే అనో ఎర్రర్ అనో విలువగా తిరిగిస్తుంది, ఆశ్చర్యార్థకం ఉన్న రూపం ఎక్సెప్షన్ విసురుతుంది. ముక్కల జాబితాను కలపకుండా ఐవో లిస్ట్‌గా నేరుగా రాయగలగడం దాని పెద్ద సుఖం. క్లోజర్‌లో చిన్న పనికి స్పిట్, హ్యాండిల్‌కు విత్ ఓపెన్. అక్కడ మ్యాప్ కూడా లేజీయే కాబట్టి, రాయడానికి మ్యాప్ బదులు డూసీక్ వాడాలి. లేకపోతే ఫైలు మూసుకున్నాక రాత మొదలవుతుంది, లేదా అసలు మొదలే కాదు.

సరిచూసుకోవడం

ప్రోగ్రామ్‌తో ‘వరంగల్’ అన్న ఒక్క మాట, కొత్త లైను రాయించి, లినక్స్ టెర్మినల్‌లో డబ్ల్యూసీ కమాండ్‌తో బైట్లు లెక్కపెట్టండి. 19 రావాలి: మాటకు 18, లైనుకు ఒకటి. 22 వస్తే బీఓఎం ఉంది, 7 వస్తే ఎక్కడో చార్8 దూరింది. ఆ తర్వాత అవుట్‌పుట్‌ను పైపులోకి మళ్లించి వరుసలు ఎప్పుడు బయటికొస్తున్నాయో చూడండి, లొకేల్‌ను సీగా మార్చి ఇంకోసారి నడపండి. చివరగా పెద్ద చిట్టా రాస్తుండగా ప్రాసెస్‌ను కిల్ చేసి ఫోల్డర్ తెరవండి. అసలు పేరుతో ఉన్న ఫైలు పూర్తిగా ఉండాలి, పక్కన సగం రాసిన తాత్కాలిక ఫైలు ఉంటే ఉండొచ్చు. అలాంటి మిగులు ఫైళ్లను ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఏరి తీసేసే నాలుగు లైన్లు మెయిన్‌లో చేర్చండి.